గజ్జెల పట్టెడ కింద

నేను కాపురానికి వెళ్ళిన ఇంట్లో మనుషులకంటే ముందు గుర్రం తినేది. ఉలవలు ఉడకబెడితే గింజలు దానికి, వార్చిన కట్టుతో కాచిన చారు మాకు. దీంట్లో నాకేమీ చిన్నతనం అనిపించలేదు. చిత్తూరు బస్టాండుకూ రైల్వే స్టేషనుకూ మధ్య జట్కా లాగి మమ్మల్ని సాకుతున్నది అదే కదా! ఊళ్ళోకి ఆటోలు అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటిలో ఎక్కితే నడుములు విరుగుతాయని ముసలీ ముతకా ఇంకా జట్కాల కోసమే చూసేవాళ్ళు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. మా అత్త, ఆమె ఒక్కగానొక్క కొడుకు అయిన నా మొగుడు, నేను. మామ ఎప్పుడో పోయాడు. ఆయన వదిలి వెళ్ళిన జట్కాను కొడుకు తోలేవాడు గానీ గుర్రాన్ని సాకింది మాత్రం మా అత్తే. "నాకు ఇద్దురు బిడ్డలు" అని ఎవరడిగినా చెప్పేది. ఆ రెండో బిడ్డ కొట్టంలో ఉండేది. తెల్లటి గుర్రం, చెవుల దగ్గర మాత్రం బూడిద రంగు. మెడకు ఇత్తడి గజ్జెలు కుట్టిన తోలు పట్టెడ. పని కాగానే కళ్ళెం తీసేవాళ్ళు, జీను విప్పేవాళ్ళు. పట్టెడ మాత్రం దాని మెడకే ఉండేది.

నేను పుట్టి పెరిగింది రేణిగుంటలో. మా నాయన రైలు పట్టాల మీద కూలీ. ఇంజను కూత పక్కనే నిద్రపోయినదాన్ని, ఈ గుర్రం ముక్కు చీదితే మాత్రం ఉలిక్కిపడేదాన్ని. మొదట్లోనే లెండి. తర్వాత్తర్వాత దాని మెడ మీద తల ఆనించి అత్త మీద చాడీలన్నీ దానికే చెప్పుకునేదాన్ని. కొత్త కోడలి మాట వినే చెవులు ఆ వీధిలో ఇంకెవరికున్నాయి?

కాపురానికి వచ్చి నెల తిరగకముందే గుర్రం మెడ వాచింది.

పొద్దున్నే నీళ్ళు పెట్టడానికి పోతే మెడ ఒకవైపు బరువుగా కిందికి జారినట్టు కనిపించింది. చెయ్యి వేస్తే వేడి. వేలితో నొక్కితే తడిపిన పిండిలో దిగినట్టు గుంట పడింది, ఎంతసేపు చూసినా ఆ గుంట పూడలేదు. ఆ తర్వాత వాపు రొమ్ముకు దిగింది. అక్కడి నుంచి పెదవులకు, కంటి రెప్పలకు పాకింది. చివరికి అది మా గుర్రమేనా అన్నంతగా ముఖం మారిపోయింది. సకిలించడం మానేసింది. మిట్టమధ్యాహ్నం, వీధి వీధంతా ఎండకు తలుపులు బిడాయించుకున్న వేళ, అది గోడకు ముఖం పెట్టి నిలబడేది. ఒంటి మీద ఈగలు ముసిరినా తోక విసిరేది కాదు. నేను పిలిస్తే చెవి మాత్రం తిప్పేది, తల తిప్పేది కాదు. ఆ చెవిని చూస్తే నాకు భయం వేసేది.

వీధిలో తలా ఒక మాట చెప్పారు. తవుడు ముక్కిపోయిందేమో అన్నారు, మార్చాము. నీళ్ళు మంచివి కావేమో అన్నారు, వేరే బావి నుంచి మోసుకొచ్చాను. పాము ఊదిందేమో అంటే నా మొగుడు కొట్టం కప్పంతా పీకి చూశాడు. "నాలుగు బాటల కాడ ఎవురో తిప్పి పారేసిన నిమ్మకాయ తొక్కిండాది" అని ఎదురింటి ముసలామె తేల్చేసింది. నిమ్మకాయ తొక్కితే కాలు వాయాలి గానీ మెడెందుకు వాస్తుందని నేనంటే, "కొత్త కోడలు, నోరు సూడు!" అని మా అత్త కసిరింది.

పశువుల ఆస్పత్రి డాక్టరు ఇంటికే వచ్చాడు. కోస్తా వైపు నుంచి బదిలీ మీద వచ్చిన సన్నటి మనిషి, నెమ్మదస్తుడు. జ్వరం చూశాడు, నోరు తెరిపించి చూశాడు, రక్తం తీసుకున్నాడు. "కొత్తగా ఏమైనా తినిపించారా? మందేమైనా పూశారా? ఏదైనా కట్టారా?" అని ఒకటికి రెండుసార్లు అడిగాడు.

"ఏమీ లేదు సార్" అన్నాడు నా మొగుడు. నేనూ అదే అన్నాను. మా అత్త తల అడ్డంగా ఊపింది. ఆయన సూది వేసి వెళ్ళిపోయాడు. వాపు కాస్త తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది.

మళ్ళీ రావడంలో ఒక వరస ఉందని ముందు కనిపెట్టింది నేనే. నోరు మూసుకొని ఉండాల్సింది, కానీ మొగుడితో అన్నాను. మంగళవారం పోయిన తర్వాతే వాపు కొత్తగా లేస్తోందని. మంగళవారం మధ్యాహ్నం మా అత్త తలకు పోసుకొని, తడిబట్టతో కొట్టంలోకి పోయి తలుపు వేసుకునేది. బిడ్డకు దిష్టి తీయాలి, అది ఎవరూ చూడకూడదు. నేను పెరట్లో గిన్నెలు తోముతూ వినేదాన్ని. తడిక సందుల్లోంచి ఏదో మాడుతున్న వాసన వచ్చేది. తర్వాత గజ్జెల చప్పుడు. గుర్రానికి కదిలే ఓపిక లేదని నాకు తెలుసు. అయినా గజ్జెలు మోగేవి. ఎండలో కూర్చొని ఉన్నా నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునేవి.

నా మొగుడు ఆ మాట తల్లి చెవిన వేశాడు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి! ఇక వీధంతా పాకింది. "మంగళారం మంగళారం ఎక్కవైతాంది. ఇది మందులకు లొంగేది కాదబ్బా, అమ్మోరు సూపిస్తాండాది" అన్నారు. అమ్మోరు ఎవరిని చూపిస్తోందో అప్పటికింకా పైకి అనలేదు.

డాక్టరు మాత్రం పట్టు వదల్లేదు. జీనూ పట్టెడా ఏమీ లేకుండా ఒట్టి గుర్రాన్ని ఆస్పత్రికి తోలుకురమ్మన్నాడు. అక్కడి రేకుల షెడ్డులో కట్టేసి ఉంచాడు. పట్టెడ మా అత్తే విప్పి లోపల పెట్టుకుంది, దాని కింద కనిపించిన పుండును ఆయన తోలు ఒరిపిడి అనుకున్నాడు. ఏమనుకున్నారు? వారం తిరక్కముందే వాపు దిగిపోయింది. మేత మేసింది, సకిలించింది. నా మొగుడు చూసొచ్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఇంటికి తెచ్చాము. మా అత్త గుమ్మంలోనే హారతి పట్టి, పట్టెడ మళ్ళీ కట్టింది. మంగళవారం వచ్చింది. మంగళవారం పోయింది. గుర్రం మళ్ళీ గోడకు ముఖం పెట్టి నిలబడింది.

అప్పుడు అనేసింది మా అత్త. నడవలో స్తంభానికి ఆనుకొని, కొడుకుతో మాట్లాడుతున్నట్టే నాకు వినిపించేటట్టు అంది.

"ఆస్పత్రిలో మానినాది. ఇంట్లో వాస్తాండాది. అంటే దోసం యాడుండాది? ఈ ఇంట్లోకి కొత్తగా ఏమొచ్చిండాదో నువ్వే సెప్పు నాయనా. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతాది."

నా మొగుడు కింద చూశాడు. "అమ్మా, ఊరుకోమ్మా" అన్నాడే గానీ ఆ గొంతులో జీవం లేదు.

రేణిగుంట పాసింజరులో పోయే వాళ్ళతో మా నాయనకు కబురు పోయింది. గుర్రం చస్తే ఈ పిల్ల ఈ గడపలో ఉండేదానికి లేదు, అంతదాకా ఎందుకు, ముందే వచ్చి తోలుకోని పొమ్మని. కన్ను మంచిది కాదని పుట్టింటికి తోలేసిన ఆడదాన్ని ఎవరు గడప తొక్కనిస్తారు? పేరంటానికి పిలవరు, బాలింత మంచం దగ్గరికి రానివ్వరు. నా వెనక పెళ్ళి కావలసిన చెల్లెళ్ళు ఉన్నారు. నా కన్ను పాడుదైతే వాళ్ళ కళ్ళూ పాడువే అయిపోతాయి. ఆ భయంతో నాకు అన్నం దిగేది కాదు. ఆ భయం కిందే కోపం కూడా ఉండేది, అది ఎవరి మీదో తెలిసేది కాదు.

ఆ సాయంత్రం అత్త గుడికి పోయింది. నేను కొట్టంలోకి పోయి, గుర్రం మెడ చుట్టూ చేతులు వేసి, పట్టెడ పక్కనే చెంప ఆనించి గట్టిగా ఏడ్చాను. "నేనేం చేశానే నిన్ను? చెప్పు" అన్నాను. అది నన్ను తోసేసింది. ఎప్పుడూ అలా చేయలేదు. పైటతో ముఖం తుడుచుకొని వచ్చేశాను.

ఆ తర్వాత ఒక పొద్దున లేచేసరికి నా ఎడమ కన్ను తెరుచుకోలేదు.

చెంప ఉబ్బి, పెదవి పక్కకు లాగి, చర్మం మీద చిన్న చిన్న పొక్కులు. మంటా దురదా కలిసిపోయి వేళ్ళు పట్టుకోలేకపోయాను. అద్దం తీసి కుడి కంటితో చూసుకున్నాను. గుర్రం ముఖమే కనిపించింది. అబద్ధం కాదు, అదే వాపు, అదే పక్క, రెప్ప కూడా అలాగే బరువుగా వాలి ఉంది. ఆ నిమిషాన నేనే నమ్మేశాను. నాలో ఏదో ఉంది, అది నన్నే తినడానికి తిరిగొచ్చింది అనుకున్నాను.

మా అత్త నన్ను చూసి చెంబు కింద పడేసింది. "సూసినారా? ఇద్దురికీ ఒకటే!" అని వీధిలోకి పరుగెత్తింది.

ఆ పొద్దునే పాసింజరులో మా నాయన దిగాడు. చేతిసంచి ఒళ్ళో పెట్టుకొని అరుగు మీద కూర్చున్నాడు. నా ముఖం చూసి "ఏందిమ్మా ఇది పాపా?" అన్నాడు. కాసేపటికి డాక్టరు గుర్రాన్ని చూడడానికి వచ్చాడు. నేను పైట కప్పుకొని పక్కకు తప్పుకోబోతే, "ఆగమ్మా, ముఖం చూపించు" అన్నాడు.

చూపించాను. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్ళలో ఆ మనిషి అంత సంతోషంగా ఉండడం నేను చూడలేదు. నా బతుకు ఇలా ఏడుస్తుంటే ఈయనకు పండగలా ఉందేమిటని ఒళ్ళు మండింది నాకు.

"గుర్రం రోగం మనిషికి ఇలా అంటుకోదమ్మా. మీ ఇద్దరికీ ఒకటే వస్తువు తగిలింది. నీకు చెంప మీద మొదలైంది. చెంప దేనికి ఆనించావు?"

"గుర్రం మెడకు."

"మెడ మీద ఎక్కడ?"

నేను చెప్పబోతూ పైట కొంగు చూసుకున్నాను. ఆ సాయంత్రం ముఖం తుడుచుకున్న చోట మరక పడింది. సబ్బు పెట్టాను, సౌడు పెట్టాను, రాయి మీద బాదాను. ఉతికేకొద్దీ అది గోధుమ రంగు పోయి నల్లగా తేలింది. అప్పటిదాకా దాని గురించి ఆలోచించే తీరికే లేదు. ఇప్పుడు ఒంటి కంటితో చూస్తే ఆ నలుపు నాకు బాగా తెలిసిన నలుపే. ఏ గుడ్డ ఎవరిదో తెలియడానికి చాకలి మూలన పెట్టే గుర్తు.

"ఇది జీడి మరక" అన్నాను. చాకలి గుర్తులు పెట్టేది జీడిగింజ రసంతోనే, తినే జీడిపప్పు కాదు, నల్లజీడి. అది ఒంటికి తగిలితే పొక్కుతుందని మా వైపు తెలియని వాళ్ళు లేరు. దిష్టికి వాడేదీ అదే గింజ.

డాక్టరు కొట్టం వైపు నడిచాడు. మా అత్త పరుగున వచ్చి తలుపుకు అడ్డం నిలబడింది. "ఈపొద్దు సుక్రారం. పట్టెడ విప్పగూడదు. నా బిడ్డను సంపుతారా?"

నా మొగుడు తల్లిని భుజాలు పట్టి పక్కకు జరిపాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆయన ఆమె మాట కాదన్నది అప్పుడేనేమో. చేతికి గోనెపట్టా చుట్టుకొని పట్టెడ విప్పాడు. గజ్జెలు మోగాయి. తోలు కింద, మెడకు ఆనే వైపు, నల్ల గుడ్డలో మూటకట్టి కుట్టిన జీడిగింజలు. ఒకటి కాదు, వరసగా. ఒక్కోదాన్నీ కాల్చిన సూదితో పొడిచి దీపం మీద చూపించినట్టుంది, ఆ బెజ్జాల్లోంచి నల్లటి జిగురు కారి గుడ్డంతా తడిసి మెరుస్తోంది. దాని కింద గుర్రం మెడ మీద వెంట్రుకలే లేవు. పచ్చి మాంసం.

"నేను అడిగినప్పుడు చెప్పలేదేమమ్మా?" అన్నాడు డాక్టరు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక.

"అది సెప్పేదా అయ్యా? నోటితో సెప్పేస్తే అది పని సేస్తాదా?" అంది మా అత్త.

ఆయన నా వైపు చూశాడు, నేనేమైనా చెబుతానేమోనని. నాకు మాత్రం ఆమె మాటలో వింతేమీ కనిపించలేదు. కట్టినవి ఏమిటని అడిగితే కట్లు చెబుతాం, తాళ్ళు చెబుతాం. దిష్టికి కట్టింది లెక్కలోకి రాదు, దాన్ని చెప్పకూడదు, అడగకూడదు. మా అమ్మ మాకు కట్టినప్పుడు మా నాయనకు కూడా చెప్పేది కాదు. మా అత్త అబద్ధమాడలేదు.

డాక్టరు విడమరిచి చెప్పాడు. పొడిచిన గింజ లోపలి రసం గుర్రం చెమటకు, వేడికి కరిగి కారుతోంది. గుర్రం మెడను గోడకు రుద్దుకొని, అదే గోడకు ముఖం రుద్దుకొని ఒళ్ళంతా అంటించుకుంది. ఆస్పత్రిలో పట్టెడ లేదు కాబట్టి మానింది. మంగళవారం కొత్త గింజ కట్టినప్పుడల్లా మళ్ళీ వచ్చింది. వాపు పెరిగిందని ఇంకో గింజ, ఇంకా పెరిగిందని మరో గింజ. అంతే. ఆయనకు రోగం దొరికింది. ఆయన సంతోషం నాకు అప్పుడర్థమైంది, నాక్కూడా గుండెల మీది బండ దిగింది.

అరుగు మీద నుంచి మా నాయన లేచాడు. "అయితే మా పాప తప్పేమీ లేదు గదమ్మా" అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడో!

మా అత్త ఆ నల్ల గుడ్డ మూటనే చూస్తోంది. తలెత్తి అడిగింది. "నేను ఈ కొట్టంలో యాభైసార్లు దిష్టి తీసినా. మా ఇంటాయప్ప ఉన్నప్పటి నుంచీ జీడి కడతానే ఉండా. యానాడన్నా ఇట్ల కారినాదా?"

"అప్పుడు పొడిచి కట్టేదానివా?" అన్నాడు డాక్టరు.

"పొడిసేది ఏంటికి? ఒకటి కడితే సాలేది. ఈ పాప అడుగు పెట్టినాక మనసుకు ఎట్లనో ఉండి పొడిసినా. లోపల లాక్కున్న దిష్టి లేకుంటే ఇంత నలుపు యాడిది సార్? గింజలో ఇంతుంటాదా? సూడండి, సూడండి."

డాక్టరు నవ్వాడు, సంచి సర్దుకున్నాడు, గాయానికి మందు ఇచ్చి వెళ్ళిపోయాడు. ఆయన పని అయిపోయింది.

మా నాయన నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఎవరికీ వినిపించకుండా అడిగాడు. "పాపా, నీ చిన్నప్పుడు మన మేక పిల్లను నువ్వు ముద్దుజేస్తాండగానే సచ్చిపోయింది సూడు... గెవనముండాదా నీకు?"

నా నాయన! రైలు వచ్చినప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకొని చూపించిన మా నాయన! ఆయనను కొట్టాలనిపించింది, ఆయన ఒళ్ళో పడి ఏడవాలనిపించింది. రెండూ చేయలేదు. "లేదు నాయనా, గెవనం లేదు" అన్నాను. నిజంగా గుర్తు లేదు. కానీ ఆ రోజు నుంచీ ఆ మేకపిల్ల నాకు స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.

మా అత్త నడవలోంచి వచ్చి తీర్పు చెప్పేసింది. "పోనీలేప్పా. ఉండేదంతా జీడి లాగేసినాది. ఈ పాప కన్నులో ఇంక ఏమీ మిగిలిండదు. ఉండనీ ఈడనే." మా నాయన రెండు చేతులూ ఎత్తి ఆమెకు దణ్ణం పెట్టాడు. నేను వాపు ముఖంతో చూస్తూ కూర్చున్నాను. దోషం లేదని కాదు, దోషం తీరిపోయిందని నన్ను ఉంచుకున్నారు. మా నాయన మధ్యాహ్నం బండికే ఒంటరిగా వెళ్ళిపోయాడు.

గుర్రం బాగైంది. మెడ చుట్టూ వెంట్రుకలు రాని నల్లటి పట్టీ ఒకటి మిగిలింది. మళ్ళీ జట్కా లాగింది, గుగ్గిళ్ళు తినింది. నేను దగ్గరికి పోతే మాత్రం మెడ అటు తిప్పేసుకునేది. పుండు మీద నా చెంప ఒరుసుకున్న మంట దానికి గుర్తుండి ఉంటుంది, అంతే. అంతేనని నాకు నేను చెప్పుకునేదాన్ని.

వీధి మాత్రం మరవలేదు. జీడిగింజల్నే పగలగొట్టిన కన్ను అంటే మాటలా! నేను నీళ్ళకు పోతే తల్లులు పిల్లల్ని కొంగు చాటు చేసుకునేవాళ్ళు. పక్క వీధి ఆమె ఒకతి నాతో మహా స్నేహం చేసి, ఒకరోజు వాళ్ళ దాయాదులు కొత్తగా కట్టిన మిద్దెను ఊరికే ఒకసారి చూసి రమ్మని బతిమాలింది. "పోయి చూసి రానా?" అని మా అత్తను అడిగాను. ఆమె నవ్వలేదు. నాకు అన్నం పెట్టేటప్పుడు తన కంచం పక్కకు తిప్పుకునేది, మనిషి చెడ్డది కాదు, జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేసేది. కంచం మాత్రం తిప్పుకునేది.

రెండేళ్ళకో ఏమో నాకు కొడుకు పుట్టాడు. ఇంట్లోనే, మా అత్త చేతుల్లోకే. చాలా కష్టమైన కాన్పు. బిడ్డ ఏడుపు వినిపించింది. బొడ్డు కోసి, తుడిచి, గుడ్డలో చుట్టి నా పక్కకు తెచ్చింది. "సూడు మే, మగబిడ్డ. అచ్చం మీ మామే" అంది. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

నేను కళ్ళు మూసుకున్నాను.

"మే, సూడు. నీ బిడ్డే."

రెప్పలు ఇంకా గట్టిగా బిగించాను. "వద్దత్తా, నేను చూడను. నువ్వు చూడు. బాగున్నాడా? నువ్వే చూసుకో" అన్నాను. చేత్తో తడిమి వాడి తల ఎక్కడుందో వెతుక్కొని రొమ్ముకు ఆనించుకున్నాను. వాడు పాలు తాగుతున్నాడు. నా చెయ్యి వాడి ముఖం మీద కప్పి పెట్టాను.

మా అత్త తన చెంపల మీద కొట్టుకుంటున్న చప్పుడు వినిపించింది. "కన్ను తెరువు తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా, తెరువు" అని ఏడుస్తోంది. నా పాదాలు నిజంగానే పట్టుకుంది. నేను తెరవలేదు.